ఎర్ర కారుకి చేసిన అచ్చు

పోయిన ఆదివారం మా అన్నయ్య కూతురు శ్రావణి బందరు వచ్చి, నన్ను తన కారులో గుడివాడ తీసుకెళ్ళింది. వాళ్ళింట్లో భోజనానికి. ఆ కారు చూడ్డానికి పొట్టిగా, బుద్ధిమంతురాలిలా ఉంటుంది. కానీ స్టార్ట్ చేసినప్పటి నుంచీ నా అరికాళ్ళ కింద సన్నగా అదురుతూనే ఉంది. తలుపు అరలో పెట్టిన సీసాలో నీళ్ళు కూడా వణుకుతున్నాయి. పెడన దగ్గర రైలు గేటు పడి ఆగినప్పుడు ఆ అదురు ఇంకా ఎక్కువైంది. నేను రెండు చేతులతోనూ సీటు అంచు గట్టిగా పట్టుకున్నాను. నా వయసుకి కారంటే భయమేమిటి, నవ్వుతారని తెలుసు. అయినా చేతులు వదల్లేదు.

"భయపడకత్తా, ఏం కాదు," అంది శ్రావణి. "ఇంజిన్ మౌంట్లలో గట్టి ఇన్సర్టులు వేయించాను. మామూలుగా ఇంజిన్ రబ్బరు మీద కూర్చుని ఊగుతూ ఉంటుంది కదా, ఇవి దూరిస్తే ఆ ఊపు తగ్గుతుంది. గేరు వేసి తొక్కగానే బండి ఠక్కున అందుకుంటుంది. కాకపోతే కాస్త అదురు లోపలికొస్తుంది. అంతే."

"ఆ ముక్కల్లో సందు ఉందా?" అన్నాను.

"సందేంటి?"

"ఒక పక్క సన్నటి సందు వదిలిపెడతారు. అది ఉందా లేదా?"

శ్రావణి నావైపు వింతగా చూసింది. "ఉంది. వేసేటప్పుడు నేనే చూశాను. నీకెలా తెలుసు?" అని, వెంటనే నవ్వేసింది. "ఓహో, తాతయ్య సంగతి కదా! నాన్న చెప్తూనే ఉంటాడు. తాతయ్య సొంత తెలివి వాడి సందు తీసేశాడనీ, అందుకే నాన్న మణికట్టు విరిగిందనీ."

మా ఇంట్లో అది సామెత అయిపోయింది. పిల్లలెవరైనా చెప్పింది చెప్పినట్టు చెయ్యకపోతే "చిలకలపూడి తాతయ్యలా సొంత తెలివి వాడకు" అంటారు. మా వదిన అంటుంది, మనవలు అంటారు. అన్నయ్య అన్నప్పుడు మాత్రం నవ్వుతూ అనడు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఆ మాట వచ్చినప్పుడల్లా అందరితో పాటు నేనూ నవ్వాను. అసలు నవ్వకూడనిదాన్ని. ఎందుకంటే ఆ సందు తీసేసింది మా నాన్న కాదు. నేను. ఆ సంగతి తెలిసినవాళ్ళం లోకంలో నాన్నా నేనూ ఇద్దరమే ఉండేవాళ్ళం. ఇప్పుడు ఒక్కదాన్నే ఉన్నాను. రైలు వెళ్ళిపోయి గేటు లేచేలోపు, ఇవాళ అన్నయ్యకి చెప్పెయ్యాలని నిశ్చయించుకున్నాను. ఇలా నిశ్చయించుకోవడం ఇది ఎన్నోసారో నాకే తెలీదు.

బందరు చిలకలపూడిలో మా వీధి మొత్తం రోల్డ్ గోల్డ్ పనే. ఒకింట్లో రేకు సాగదీసేవాళ్ళు, ఒకింట్లో అతికేవాళ్ళు, ఇంకో ఇంట్లో పూత పూసేవాళ్ళు. ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని, ఊళ్ళో సంగతులు చెప్పుకుంటూ, వేళ్ళు చూసుకోకుండానే గొలుసులు అల్లేవాళ్ళు. మా అమ్మ గొలుసు అల్లుతూనే కూరకి తాలింపు వేసేది, మాడనిచ్చేది కాదు. మా నాన్నది అచ్చుల పని. కంచు దిమ్మ మీద మామిడిపిందెలు, హంసలు, పువ్వులు లోపలికి చెక్కేవాడు. ఆ అచ్చులో రేకు పెట్టి కొడితే బొమ్మ పైకి తేలుతుంది. పొద్దున్నే దిమ్మని కదలకుండా గుగ్గిలం పాకంలో కూర్చోబెట్టేవాడు. ఆ కాగిన గుగ్గిలం వాసన, బొగ్గుల వాసన, నగలు కడిగిన చింతపండు నీళ్ళ వాసన, మూడూ కలిసి మా గోడల్లో ఇంకిపోయి ఉండేవి. బళ్ళో పక్కపిల్లలు నా పుస్తకాలు వాసన చూసి చిలకలపూడి పిల్ల అనేవాళ్ళు. ఉలి చేతిలోకి తీసుకునే ముందు నాన్న దాన్ని కళ్ళకద్దుకునేవాడు. పని పూర్తయ్యాక కళ్ళు మూసుకుని బొటనవేలితో అచ్చంతా తడిమేవాడు. కన్ను మోసం చేస్తుందమ్మడూ, వేలు చెయ్యదు అనేవాడు. మాట పొదుపు, కోపం దండి. ఆయన పని గురించి ఎందుకిలా చేశావని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు.

ఆ కన్నే ఆయన్ని మోసం చేసింది. రెండు కళ్ళకీ శుక్లాలు వచ్చాయి. కళ్ళ మీద కత్తి పెడతారంటే ఆ మొండిమనిషి పసిపిల్లాడిలా బెదిరిపోయాడు. పోనీ చూపు తగ్గిందని బయటికి చెబుదామా అంటే, అచ్చులు చేయించుకునే షావుకార్లు రేపే ఇంకో ఇంటికి వెళ్ళిపోతారు. చిన్నప్పటి నుంచీ ఆయన పక్కన కూర్చుని విరిగిన ఉలులతో ఆడుకున్నదాన్ని నేను. నాకు పందొమ్మిదేళ్ళు వచ్చేసరికి ముతక పని ఆయనా, సన్నపని నేనూ చేసేవాళ్ళం. తలుపు దగ్గరగా వేసుకుని చేసేవాళ్ళం. మా వీధిలో ఆడపిల్ల గొలుసు అల్లుతుంది గానీ ఉలి పట్టదు. అమ్మ గుమ్మంలో కాపలా కూర్చునేది. ఎవరైనా వస్తే గట్టిగా దగ్గేది. పాపం, ఊరంతా ఆవిడకి ఉబ్బసమనుకునేవాళ్ళు.

అన్నయ్యకి కూడా ఈ సంగతి తెలీదు. వాడు అప్పటికి ఇంట్లో లేడు. వారసుడు తన పీట మీద కూర్చుంటాడని నాన్న ఆశపడితే, వాడికేమో ఇంజిన్ తప్ప ఇంకేదీ కనపడలేదు. ఒకరోజు మాటా మాటా పెరిగి, "రేకు నగలకి అచ్చులు చేసుకుంటూ నేను బతకను," అనేశాడు. నాన్న చేతిలో సుత్తి పక్కన పెట్టి, "అయితే వెళ్ళు," అన్నాడు. వాడు గుడివాడ వెళ్ళి ఒక మెకానిక్ షెడ్డులో చేరాడు. మూడేళ్ళు తండ్రీ కొడుకుల మధ్య మాటల్లేవు. పండక్కి వాడు గుమ్మంలోకి వస్తే నాన్న పెరట్లోకి వెళ్ళేవాడు.

అలాంటివాడు ఒకరోజు పొద్దున్నే అట్టముక్క ఒకటి చంకలో పెట్టుకుని వచ్చి, చెప్పులు విప్పి, సరాసరి నాన్న పని చేసుకునే గదిలోకి వెళ్ళాడు. నేను గబుక్కున ఉలి పావడా కింద దాచుకున్నాను. అమ్మ దగ్గడం కూడా మర్చిపోయింది.

"నాన్నా, నీతో పని పడింది," అన్నాడు.

కృత్తివెన్నులో రొయ్యల చెరువులున్న ఒక ఆసామి విదేశీ కారొకటి తెప్పించాడట. ఎర్రది, పందేల్లో పరిగెత్తేది. దాన్ని మద్రాసు వైపు పందేనికి తీసుకెళ్ళాలని ఆయన సరదా. కారు గనక బాగు చేస్తే మెకానిక్‌గా అన్నయ్యనే వెంట తీసుకెళ్తానన్నాడు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, గట్టిగా తొక్కగానే ఇంజిన్ ఉన్నచోట ఉండకుండా వెనక్కి ఒరుగుతోంది. ఆ ఒరుగుకి గేరు జారిపోతోంది. ఇంజిన్‌ని పట్టుకుని ఉండే రబ్బరు దిండ్లలో పెద్ద పెద్ద ఖాళీలున్నాయి. ఆ ఖాళీల్లో గట్టి రబ్బరు ముక్కలు దూరిస్తే ఆగుతుంది. బయటి దేశంలో అవి తయారుగా దొరుకుతాయి గానీ ఇక్కడికి రావాలంటే నెలలు పడుతుంది. గుడివాడలో రైస్ మిల్లు రోళ్ళకి గట్టి రబ్బరు పోతపోసే మనిషి ఉన్నాడు. పాకం అతను పోస్తాడు. పొయ్యడానికి అచ్చు కావాలి.

"బందరు మొత్తం మీద అంత కొలతగా అచ్చు చెక్కేవాడు నువ్వు తప్ప ఎవరున్నారు నాన్నా?" అన్నాడు.

నాన్న మొహంలో ఏం కదిలిందో నేను చూశాను. మూడేళ్ళుగా ఆయన ఎదురుచూసింది ఆ మాట కోసమే. రబ్బరు ముక్క కొలతకి కత్తిరించిన ఆ అట్టముక్క అందుకుని, కనపడుతున్నట్టే దాన్ని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"ఇదిగో, ఈ సందు మాత్రం మర్చిపోవద్దు," అని అన్నయ్య వేలు పెట్టి చూపించాడు. "సందు లేకుండా పూర్తిగా బిగిసిపోతే ఇంజిన్ అదురంతా బ్రాకెట్ల మీద పడుతుంది. కాస్త కదలనివ్వాలి."

"వారం రోజుల్లో రా," అన్నాడు నాన్న. అమ్మ పరుగున వెళ్ళి కాఫీ కలిపింది. ఆ కాఫీ తండ్రీ కొడుకులిద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని తాగారు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది గానీ పావడా కింద ఉలి గుచ్చుకుంటోంది.

ముక్కలో సందు రావాలంటే అచ్చులో అక్కడ కంచు తియ్యకుండా వదలాలి. పొలం గట్టులా సన్నటి గోడ ఒకటి నిలబడాలి. పాకం పోసినప్పుడు ఆ గోడ ఉన్నమేర రబ్బరు చేరదు. ఆరు రోజులు చెక్కాను. నాన్న పక్కన కూర్చుని అట్టముక్కని వేళ్ళతో కొలుస్తూ, ఇక్కడ లోతు, అక్కడ వాలు అని చెబుతూ ఉండేవాడు. ఆ ఆరు రోజులూ ఆయన ఒక్కసారి కూడా కసరలేదు. ఆరో రోజు మధ్యాహ్నం నాన్న భోజనం చేసి కునుకు తీస్తుంటే, నేను గోడ మొదలు శుభ్రం చేస్తున్నాను. ఒక దెబ్బ కాస్త బలంగా పడింది. టిక్ మంది. గోడ మొదలంటా విరిగి, వేలెడంత ముక్క నా ఒళ్ళో పడింది.

మా పనిలో ఇలాంటివి మామూలే. మామిడిపిందె అచ్చులో ఒక గీత విరిగితే, ఆ చోటు ఆకురాయితో నున్నగా చేసేస్తాం. గీత లేని మామిడిపిందె వస్తుంది. కొనేవాళ్ళకి తెలీదు, అమ్మేవాళ్ళకీ పట్టదు. దాన్ని మేం తప్పు అనుకోం, సర్దుబాటు అంటాం. నా చెయ్యి ఆ అలవాటు కొద్దీ ఆకురాయి అందుకుంది. మొదలు నున్నగా అరగదీసేశాను. అరగదీస్తుండగా అన్నయ్య మాట గుర్తొచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. కానీ కొత్త దిమ్మ మీద మళ్ళీ మొదలుపెడితే ఇంకో ఆరు రోజులు. అన్నయ్య తెల్లారి వస్తాడు. ఎందుకు ఆలస్యమైందని అడిగితే చెక్కింది ఎవరో చెప్పాల్సొస్తుంది. సన్నటి సందే కదా, అంత కొంపలు మునుగుతాయా అనుకున్నాను. పందొమ్మిదేళ్ళ తెలివి.

నాన్న లేచి వచ్చి, కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమాడు. ఆ గోడ ఉండాల్సిన చోటు ఇరుకు, లోతు. వేలు అక్కడిదాకా వెళ్ళదు. ఆగి, "అన్నీ ఉన్నాయా అమ్మడూ?" అన్నాడు.

"ఉన్నాయి నాన్నా," అన్నాను.

మర్నాడు అన్నయ్య అచ్చు చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. నేను తలుపు పక్కన నిలబడ్డాను. వాడి చూపు ఆ చోటికి రాగానే ఆగింది. కనుబొమలు దగ్గరయ్యాయి. అట్టముక్క తీసి చూశాడు, మళ్ళీ అచ్చు చూశాడు. నాన్న వైపు చూశాడు. నాన్న గర్వంగా, కాస్త సిగ్గుగా, నేల చూస్తూ కూర్చుని ఉన్నాడు. అడుగుతాడు, ఇప్పుడే అడుగుతాడు అనుకున్నాను. వాడు అచ్చుని గుడ్డలో చుట్టుకుని, "చాలా బాగుంది నాన్నా," అన్నాడు.

ఇంకో వారానికి ఎర్ర కారు మా వీధిలోకి వచ్చింది. అరుగుల మీద గొలుసులు అల్లే ఆడవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. నాగాయలంకలో మా మేనత్త ఉండేది. నాన్ననీ నన్నూ ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళి, దారిలో బండి ఎలా పరిగెడుతుందో నాన్నకి చూపించాలని అన్నయ్య సంబరం. నాన్న ఇస్త్రీ పంచె కట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వెనక. అమ్మ పెరుగన్నం మూట నా ఒళ్ళో పెట్టింది. కారు కదలగానే కింద నుంచి అదురు మొదలైంది. పళ్ళు కూడా సన్నగా కొట్టుకున్నాయి.

"ఏంట్రా బాబ్జీ, ఇంతలా అదురుతోంది?" అన్నాడు నాన్న, ముందున్న పలక మీద అరచెయ్యి ఆనించి.

"ఇంజిన్ బిగుసుకుంటే అలాగే ఉంటుంది నాన్నా. గేరు చూడు, ఎలా పడుతోందో!"

నాన్న నవ్వాడు. ఆయన అంత పెద్దగా నవ్వడం నేను అంతకు ముందు వినలేదు.

చల్లపల్లిలో టీ తాగడానికి ఆగాం. నాన్న పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే అన్నయ్య నా పక్కకి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు. "నాన్న సందు తీసేశాడు తెలుసా? అచ్చు చూడగానే కంగారుపడ్డాను. అడిగితే చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నాను. ఆయన తీశాడంటే ఏదో లెక్క ఉండే ఉంటుంది. ఆ చెయ్యి మీద నమ్మకంతో బిగించేశాను."

గ్లాసులో టీ ఒలికి నా వేళ్ళు కాలాయి. నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే నాన్న తడికాళ్ళతో వచ్చి, "పదండ్రా, అక్కయ్య అన్నం వండేసి కూర్చుంటుంది," అన్నాడు. ఆయన చెయ్యి అన్నయ్య భుజం మీద ఉంది. ఆ చెయ్యి అక్కణ్ణుంచి తీయించడం నా వల్ల కాలేదు. నాగాయలంక చేరాక, అత్తయ్య ఇంట్లో, అన్నాలు తిన్నాక చెబుదామనుకున్నాను. మోపిదేవి దాటాం. అవనిగడ్డ దాటాం. ప్రతి మలుపు దగ్గరా, ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అని నాలో నేనే అరుచుకుంటున్నాను. పెరుగన్నం మూట నా చేతుల్లో నలిగిపోయి గుడ్డ తడిసింది.

అవనిగడ్డ దాటాక రోడ్డు తిన్నగా ఉంది. ఎడమ పక్క కాలవ, కుడి పక్క నాట్లు వేస్తున్న పొలాలు. "ఒక్కసారి తొక్కుతాను, చూడు నాన్నా," అన్నాడు అన్నయ్య. "వద్దన్నయ్యా!" అన్నాను. నా గొంతు ఆ మోతలో ఎవరికీ వినపడలేదు. బండి ముందుకు దూకింది. రెండో గేరు, మూడో గేరు. అదురు పెరిగి పెరిగి ఒక్కసారిగా ఆగిపోయినట్టనిపించింది. వెంటనే కింద నుంచి సమ్మెటతో కొట్టినట్టు పెద్ద దెబ్బ. ఇంజిన్ ఒక పక్కకి కుంగింది. అన్నయ్య చేతుల్లో స్టీరింగ్ గిర్రున తిరిగింది. కాలవ నీళ్ళు అద్దం నిండా కనపడ్డాయి. కారు గట్టు దిగుతూ, కల్వర్టు గోడకి ముక్కు గుద్దుకుని ఆగింది. ఆ గోడ లేకపోతే ఈ నాలుగు ముక్కలు రాయడానికి నేను లేను.

నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు బురద కాళ్ళతోనే పరిగెత్తుకొచ్చి మమ్మల్ని బయటికి లాగారు. నాన్న నుదురు చిట్లి రక్తం కారుతోంది. అన్నయ్య ఎడమ మణికట్టు వంకరగా వేలాడుతోంది. నా ఒంటిమీద గీత కూడా పడలేదు. అన్నయ్య ఆ చేతిని గుండెలకి అదుముకుని, వంగిపోయిన బానెట్ సందులోంచి లోపలికి చూశాడు. ఇంజిన్‌ని పట్టుకున్న బ్రాకెట్ విరిగిపోయి ఉంది. రబ్బరు ముక్క మాత్రం చెక్కుచెదరలేదు. వాడు వెనక్కి తిరిగాడు.

"సందు ఎందుకు తీసేశావ్ నాన్నా?"

నాన్న మొహం ఖాళీ అయిపోయింది. కనురెప్ప మీద రక్తం తుడుచుకుని, మెల్లగా తల తిప్పి నావైపు చూశాడు. సరిగ్గా కనపడని ఆ కళ్ళు నన్ను వెతికి పట్టుకున్నాయి. నేను తల వంచుకున్నాను. అంతే, ఆయనకి అర్థమైపోయింది.

"అక్కర్లేదనుకున్నానురా," అన్నాడు.

"నేను చెప్పాను కదా! మరీ మరీ చెప్పాను కదా! నీకెప్పుడూ అంతే, ఎదుటివాడి పనంటే లెక్కలేదు నీకు!" అన్నయ్య నొప్పితో అరిచాడో కోపంతో అరిచాడో తెలీదు. ముక్కూ మొహం తెలియని అంతమంది ముందు మా నాన్న చేతులు కట్టుకుని ఆ మాటలు పడ్డాడు.

అన్నయ్యకి కట్టు కట్టించాక, వాణ్ణి అత్తయ్య వాళ్ళింట్లో దింపి నాన్నా నేనూ బస్సులో తిరిగొచ్చాం. ఘంటసాల దాటింది. నేను ఏడుస్తూ, "వాడికి చెప్పేస్తాను నాన్నా," అన్నాను. "నోర్ముయ్," అన్నాడు. "నా చెయ్యి తప్పిందంటే వయసైపోయింది పాపం అంటారు. నీ చెయ్యి తప్పిందని తెలిస్తే మళ్ళీ జన్మలో నీకు ఉలి అందనివ్వరు. పనిలో విరగడం తప్పు కాదు. ఉన్నాయని చెప్పావే, అది తప్పు," అన్నాడు. ఇంటికొచ్చిన మర్నాటి నుంచి పది రోజులపాటు నాచేత సన్నటి గోడలు తప్ప ఇంకేమీ చెక్కించలేదు. ఒకటి విరిగితే, విరిగిందని పైకి చెప్పి కొత్తది మొదలుపెట్టాలి. తర్వాత తనే వెళ్ళి కళ్ళు చూపించుకున్నాడు. షావుకార్లకి, ఇక నుంచి మా అమ్మాయి చెక్కుతుందని తలుపు బార్లా తెరిచి చెప్పాడు. నేను ఈ పని మీదే బతికాను. చిలకలపూడిలో అచ్చుల పని చేసే ఆడమనిషి ఎవరంటే ఇప్పటికీ నా ఇల్లే చూపిస్తారు. ఆ ఇల్లు ఎవరి పరువు పునాదిగా నిలబడిందో నాకే తెలుసు.

అన్నయ్య సంగతి అలా కాలేదు. ఆసామి కారు తీసుకెళ్ళిపోయాడు, మద్రాసు మాట మళ్ళీ ఎత్తలేదు. అన్నయ్య గుడివాడలో చెరువుల దగ్గర తిరిగే డీజిల్ ఇంజిన్లు బాగుచేసే షెడ్డు పెట్టుకుని స్థిరపడ్డాడు. పండగలకి వచ్చేవాడు, అరుగు మీద కూర్చునేవాడు, నాన్నకి పళ్ళు తెచ్చేవాడు. పనిగది గడప మాత్రం మళ్ళీ తొక్కలేదు. నాన్న తనంతట తాను పలకరిస్తే ఆఁ, ఊఁ అనేవాడు.

ఇప్పుడు చిలకలపూడిలో మా షెడ్డులో అచ్చులు యంత్రం చెక్కుతుంది. కంప్యూటర్లో బొమ్మ ఉంటుంది, విరిగితే బటన్ నొక్కి ఇంకోటి చేస్తాం. ఆరు రోజుల పని గంటలో అయిపోతుంది. శ్రావణి ఇన్సర్టులు ఫోన్లో చూసి తెప్పించుకుందట. ఎలా బిగించాలో రాసిన కాగితంతో సహా నాలుగు రోజుల్లో గుమ్మంలోకి వచ్చాయి. ఎవరి చెయ్యి చేసిందో దానికి తెలీదు, తెలియాల్సిన అవసరమూ లేదు. మా కాలమే గొప్పదని నేననను. ఆ రోజుల్లో చేతిని నమ్మేవాళ్ళం, మనిషిని అడగడానికి మాత్రం భయపడేవాళ్ళం. శ్రావణికి ఆ భయం లేదు. కంపెనీవాడికి ఫోన్ చేసి, ఈ సందు ఎందుకని అడిగి మరీ వేయించుకుంది. మా అన్నయ్య ఆ రోజు కిటికీ దగ్గర ఆ ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేదని నేను చాలాసార్లు అనుకున్నాను. తప్పు పంచుకోవడానికి మనిషికి ఎంత ఆశో!

గుడివాడలో మా వదిన కొరమీను పులుసు పెట్టింది. అన్నయ్య ఎదురుగా కూర్చున్నాడు. ఎడమచేత్తో నీళ్ళ గ్లాసు ఎత్తేటప్పుడు ఇప్పటికీ మణికట్టు పూర్తిగా తిరగదు. భుజం కూడా ఎత్తుతాడు. మూడో ముద్ద దగ్గర శ్రావణి అంది, "నాన్నా, అత్త నా కారెక్కగానే సందు ఉందా అని అడిగింది. తాతయ్య కంటే అత్తే నయం!"

వదిన నవ్వింది. అన్నయ్య నవ్వలేదు. నేను చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

"ఆ సందు తీసింది నాన్న కాదన్నయ్యా. అచ్చు చెక్కింది నేను. నాన్నకి అప్పటికే కళ్ళు కనపడవు. గోడ విరిగితే నున్నగా చేసి, ఉందని చెప్పాను. నువ్వు కాలవ గట్టు మీద అడిగేదాకా ఆయనకీ తెలీదు."

వదిన చేతిలో గరిటె ఆగిపోయింది. అన్నయ్య గ్లాసు కింద పెట్టాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు," అన్నాడు, "పోయే ముందు రోజు నన్ను దగ్గరికి పిలిచి, 'ఇంజిన్ కదలకుండా ఇప్పుడు ఏం వాడుతున్నార్రా బాబ్జీ?' అని అడిగాడు. ఇన్నేళ్ళకి కూడా ఎత్తిపొడుస్తున్నాడనుకున్నాను. సమాధానం చెప్పకుండా బయటికెళ్ళిపోయాను. ఆయన ఎత్తిపొడవడానికి అడగలేదే. నా పని గురించి నన్ను అడిగాడు."

ఆ రోజు మంచం పక్కన నేనే ఉన్నాను. వాడు వెళ్ళిపోయాక నాన్న తలుపు వైపు చూస్తూ, "వాడేమన్నాడమ్మడూ?" అని అడిగాడు. "మళ్ళీ వచ్చి చెప్తానన్నాడు నాన్నా," అన్నాను. ఆయన సరేనని తలాడించి, ఆ సాయంత్రమంతా తలుపు వైపే చూస్తూ పడుకున్నాడు. ఇంక దాచడానికి ఏమీ మిగలకూడదని, ఆ మాట కూడా అన్నయ్యకి చెప్పేశాను. వాడు కంచం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కోకుండానే పెరట్లోకి వెళ్ళాడు.